ముడుల వేరు

మా అమ్మ భాగీరథి చేతికి కత్తెర వచ్చిందంటే వేలాడే దారం ఏదీ బతికి బట్టకట్టదు. సూరత్‌లో, మా గోడాదరా గల్లీల్లో ఇంటింటికీ ఇదే పని. మార్కెట్ నుంచి ఎంబ్రాయిడరీ చీరలు కట్టలు కట్టలుగా వస్తాయి. వెనకవైపు వేలాడే పోగులన్నీ (మా గల్లీలో ధాగాలంటారు) కత్తిరించి, మడతపెట్టి పంపాలి. ఒక్క పోగు మిగిలినా సేఠ్ మాల్ వాపస్ పంపిస్తాడు. అమ్మ చేసిన చీర ఒక్కటైనా వాపస్ వచ్చిందని గల్లీలో ఎవరూ అనలేరు. అంత మంచిపేరే ఆ ఏడు నా కొంప ముంచింది.

నేను బాటనీలో ఎమ్మెస్సీ చేసి, యూనివర్సిటీలో వసావా సార్ దగ్గర చేరాను. మొక్కలు తేవడం, కాగితాల మధ్య ఎండబెట్టడం, అట్టకు కుట్టడం, పేరేమిటో తేల్చడం నా పని. మా బాపు లక్ష్మీరాజం లెక్కలో మాత్రం ఇది గడ్డి పీకుడు. "ఎడ్లు లేని ఇంట్ల గీ గడ్డెందుకు బిడ్డా?" అని పూటకోసారి అడిగేవాడు. ఆయన చిన్నప్పటి నుంచి సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, బతికిన మనిషి. ఆ ఏడు వాళ్ల సేఠ్ పాత సాంచెలు పాత ఇనుము కింద అమ్మేసి కొత్త మిషన్లు పెట్టాడు. వాటికి మనుషులు ఎక్కువ అక్కర్లేదు. బాపుకి వారంలో సగం రోజులే పని దొరికేది. మిగతా సగం ఇంట్లో కూర్చుని నా కాగితాల వైపు గుర్రుగా చూసేవాడు.

ఆగస్టు చివర్లో కచ్ మీద కుండపోతగా వాన పడింది. అక్కడి ఎడారికి అలాంటి వాన ఎప్పుడో గాని దొరకదు. సార్ మమ్మల్ని నలుగురిని పంపించారు. భుజ్ దాటి ఖావడా పోయే దారిలో, ఉప్పునేల మొదలయ్యేచోట ఒక ఎర్రరాతి గుట్ట ఉంది. ఆ గుట్ట వెనక వాలులో కనబడింది నాకు. నేలకు అతుక్కుని పాకే తీగ, ఆకుల నిండా వెండి నూగు, చొక్కా గుండీ అంత పువ్వు. దూరం నుంచి మన విష్ణుక్రాంతమే అనుకుంటారు ఎవరైనా. నేనూ అలాగే అనుకుని ఒకదాన్ని తవ్వి తీశాను. వేరు చూసి నోరు తెరిచాను. పూసలు గుచ్చినట్టు వరసగా ముడులు. ఒక్కో ముడిలో నీళ్లు దాచుకుంది. పుస్తకాల్లో చదివినంత మేరకు దాని దాయాదులు ఎవరికీ అలాంటి వేరు లేదు. వాలు నిండా అవే ఉన్నాయి, ఇంకొన్ని తవ్వి తెచ్చుకున్నాను.

సూరత్ వచ్చి చూపిస్తే వసావా సార్ చాలాసేపు భూతద్దం దించలేదు. తర్వాత కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "రుచితా, ఇప్పుడే ఎవరికీ చెప్పకు," అన్నారు గుజరాతీలో, గుసగుసగా. గదిలో మేమిద్దరమే ఉన్నాం.

ఎవరికీ చెప్పొద్దన్న మాట మా ఇంటికి వర్తించదు కదా. సాయంత్రం అన్నం తింటూ చెప్పేశాను.

"కొత్త మొక్క అంటే? దేవుడు మొన్న వుట్టిచ్చిండా?" అన్నాడు బాపు.

"ఎప్పటిసందో ఉన్నది బాపూ. ఎవలు గుర్తువట్టలే. అది కొత్తదని రుజువైతే దానికి పేరు వెట్టేది నేనే."

"పేరు వెడితే?"

"వెడితే ఏంది? లోకం ఉన్నన్ని దినాలు ఆ పేరే ఉంటది. నాకు పీహెచ్‌డీల సీటు ఖాయమైతది."

బాపు మంచినీళ్లు తాగి గ్లాసు పక్కన పెట్టాడు. అసలు సంగతి అప్పుడు బయటపడింది. పాండేసరాలో ఒక మిల్లులో మా ఊరి గోపాల్ మాస్టరు ఉన్నాడు. తయారైన బట్టలో తప్పులు పట్టే చెకింగ్ పనికి మనిషి కావాలన్నాడట. లాభ్ పాంచమ్ నాటికి మా ఇంటి నుంచి మనిషిని తోలుకొస్తానని బాపు మాటిచ్చేశాడు. దీపావళి సెలవులు అయిపోయి సూరత్‌లో దుకాణాలూ మిల్లులూ తాళాలు తీసే రోజు లాభ్ పాంచమ్. కొత్త మనుషుల్ని పనిలో పెట్టుకునేదీ ఆ రోజే.

"నన్ను అడగకుంటనే?" అన్నాను.

"గప్పటిదాన్క నీ పువ్వు సంగతి తేలితే నీ ఇష్టం. తేలకపోతే మిల్లు. ఇంట్ల ఇంకో చెయ్యి ఆడకపోతే గాడి నడవదు బిడ్డా."

ఆయన మాటలో కోపం లేదు, అందుకే ఎదురు చెప్పలేకపోయాను. సరే అన్నాను. లోపల మాత్రం పళ్లు కొరుక్కున్నాను. లాభ్ పాంచమ్ లోపల తేల్చి చూపిస్తాననుకున్నాను.

డిపార్ట్‌మెంట్‌లో మొక్కలు ఎండబెట్టే బీరువా పాడైపోయి ఉంది. వానాకాలపు తేమకు ఒక్కరోజు ఏమరితే బూజు పడుతుంది. అందుకని కచ్ నుంచి తెచ్చిన ఆ మొక్కలన్నీ ఇంటికే తెచ్చాను. పాత పేపర్ల మధ్య పరిచి, పైన బరువుగా అమ్మ చీరల కట్టలు పెట్టాను. రోజూ పొద్దున తడిసిన పేపర్లు తీసి పొడివి మార్చాలి. నేను యూనివర్సిటీకి పరుగెత్తే హడావిడి చూసి అమ్మే ఆ పని నెత్తిన వేసుకుంది. పేపర్లను ఇస్త్రీపెట్టెతో వెచ్చబెట్టి మరీ మార్చేది.

"గివి ఎవలు జూస్తరే?" అని అడిగింది ఒకరోజు.

"జోధ్‌పుర్‌ల పెద్ద సార్లున్నరమ్మా. ఆళ్లు చెకింగ్ జేసి పాస్ జేయాలె."

చెకింగ్ అన్న మాట అమ్మ దగ్గర వాడకూడదని నాకేం తెలుసు!

మర్నాడు ఇంటికొచ్చేసరికి అమ్మ మొహం వెలిగిపోతోంది. "మొత్తం సాఫ్ జేసి వెట్టిన. ఒక్క ధాగా లేదు. గిప్పుడు ఏ సేఠ్ జూసినా వాపస్ పంపడు," అంది.

ఏం సాఫ్ చేసిందో అర్థం కాక కట్టలు దించి పేపర్లు విప్పాను. పువ్వులు ఉన్నాయి, ఆకులు ఉన్నాయి. ప్రతి మొక్కా నేలకు ఆనే చోట నున్నగా తెగి ఉంది. కింద ఏమీ లేదు. ఒకదాని తర్వాత ఒకటి విప్పుతూ పోయాను. అమ్మ పనిలో లోటుండదు కదా, ఒక్కటి కూడా మిగల్చలేదు.

"అమ్మా, ఏర్లేవి?"

"గా మట్టి వట్టిన ధాగాలా? లటకుతుంటే కోసేసిన."

"ఏడున్నయి?"

"పొద్దుగాల కచరా గాడీల ఏసిన."

సూరత్ చెత్తబండి ఒక్కరోజు కూడా రాకుండా ఉండదు. ఊరంతా దాని గురించి గొప్పలు చెప్పుకుంటుంది. నేను మెట్ల మీద చతికిలబడిపోయాను. తర్వాత లేచి అరిచాను. "నీకు కోసుడు తప్ప ఇంకేమన్న వస్తదా? ఆ ఏర్లే అసలు సంగతి! ఆ ఏర్లు లేకపోతే గది ఉత్త గడ్డి!" అన్నాను. పక్కింటి పద్మారాణి అత్త బట్టలు ఆరేయడం ఆపి మా వైపు చూసింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఏడ్చాను కూడా, సిగ్గు లేకుండా, చిన్నపిల్లలా.

అమ్మ ఏడవలేదు. తన తప్పు కాదని వాదించనూ లేదు. చీరలన్నీ పక్కకు నెట్టి నా ఎదురుగా కూర్చుంది. "గవి మళ్ల ఏడ దొరుకుతయి?" అని అడిగింది.

తెల్లారి సార్ దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన తెగిన మొక్కల్ని చూసి, పైకి చూసి, మళ్లీ మొక్కల్ని చూశారు. "మీ అమ్మగారి చెయ్యి మాత్రం చాలా నీట్‌గా ఉంది," అన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"నా ఫోన్‌లో వేరు ఫొటో ఉంది సార్."

"ఫొటోకి పేరు పెట్టరు బేటా. మొక్కకి పెడతారు. వేరుతో సహా ఒక మొక్క అట్ట మీద ఉండాలి. అది లేకపోతే జోధ్‌పుర్ వాళ్లు పాత మొక్కే అంటారు. వాళ్ల కుర్చీలో నేనున్నా అదే అంటాను."

"మళ్లీ పోయి తెస్తాను."

"ఎండలు ముదిరాయి. ఉంటే నాలుగు రోజులు ఉంటాయి, ఆ తర్వాత ఎండి గాలికి పోతాయి. మళ్లీ ఎప్పుడు మొలుస్తాయో ఆ వానకే తెలియాలి." పరీక్షల పని మీద ఆయన కదిలే వీల్లేదు. నాతో వచ్చిన ముగ్గురూ ఊళ్లకు వెళ్లిపోయారు.

ఇంట్లో చెప్పేసరికి బాపు అడ్డం తిరిగాడు. "ఒక్కదాన్ని ఎడారికి తోల్తనా? మతి గిట్ల వోయిందా?"

"ఒక్కతెందుకు? నేను వోత," అంది అమ్మ.

అమ్మ పెళ్లయి సూరత్ వచ్చాక చూసింది గోడాదరా, మా ఊరు, ఆ రెంటి మధ్య రైలు. ఆదివారం డుమస్ సముద్రం దగ్గరికి పోదామన్నా చీరలున్నాయని వచ్చేది కాదు. పైగా బతుకమ్మ మొదలైపోయింది. మా గల్లీలో బతుకమ్మ పేర్చడమంటే అమ్మే. ఆఖరి రోజు, సద్దుల నాటికి, పూలు నడుమెత్తు పేర్చి మైదానానికి మోసుకెళ్లేది.

"పండుగ ముంగట వెట్కొని ఏడికే?" అన్నాడు బాపు.

"నేనే కోసిన. నేనే తెస్త," అంది అమ్మ. అప్పటికే సంచిలో చీర పెట్టేసుకుంది.

నిన్నటి నా అరుపులు గుర్తొచ్చి అమ్మ వైపు సూటిగా చూడలేకపోయాను. ఆమె మాత్రం రైలెన్నింటికని అడుగుతోంది.

భుజ్‌లో రైలు దిగి, బస్సెక్కి, అక్కడి నుంచి రాణాభాయ్ అనే ఆయన జీపులో వెళ్లాం. పోయినసారి కూడా ఆయనే తిప్పాడు. ఉప్పునేల తెల్లగా కంటికందినంత దూరం కనబడగానే అమ్మ జీపులోంచి తల బయటపెట్టి, "గిదంత ఉప్పేనా? కూరల ఏస్కోవచ్చా?" అంది. రాణాభాయ్‌కి తెలుగు రాకపోయినా ఆ ప్రశ్న అర్థమైనట్టుంది, ఒకటే నవ్వు.

గుట్ట వెనక వాలుకు వెళ్లి చూస్తే నా నవ్వు ఆగిపోయింది. వాలంతా బోడిగా ఉంది. మేకల మందలు వచ్చి పోయిన గుర్తులు. అక్కడక్కడా కొరికేసిన కాడలు, ఎండి పొడి అయిన ఆకులు. ఆ రోజంతా వెతికాం. మర్నాడు పొద్దున్నే మళ్లీ వెళ్లాం. ఎండ నెత్తిన సమ్మెటలా కొడుతోంది. అమ్మ కొంగు తలకు చుట్టుకుని, వాలుకు ఆ కొస నుంచి ఈ కొసకు, మళ్లీ ఈ కొస నుంచి ఆ కొసకు వంగి నడుస్తూనే ఉంది. నేను రెండుసార్లు కూర్చుండిపోయాను. ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు.

"చాలమ్మా. లేవు. పోదాం," అన్నాను మూడో ఝాముకి.

"నువ్వు గూసో. నేను గా ముండ్లల్ల జూసొస్త."

వాలు చివర సర్కారు తుమ్మ పొదలు ఉన్నాయి. మేకలు దూరలేనంత దట్టంగా ముళ్లు. అమ్మ నేల మీద పడుకుని లోపలికి తొంగి చూసి, "రుచీ, గిదేనా?" అని కేకేసింది.

అదే. పక్కపక్కన మూడు. అరచేయంత ఒకటి, దానికన్నా చిన్నవి రెండు. పెద్దదాని మీద ఒక పువ్వు ఇంకా ముడుచుకోలేదు. ఎగిరి గంతేయాల్సింది, కానీ ఇంకేమన్నా ఉన్నాయేమోనని పొద చుట్టూ వెతికాను.

"ఏంది, తవ్వవేంది?" అంది అమ్మ.

"మూడే ఉన్నయమ్మా. మస్తుగ ఉంటెనే తీయాలె. గింత తక్కువుంటే ముట్టొద్దని సార్ మొదటి దినం చెప్పిన మాట." ఫోన్ తీశాను. సిగ్నల్ లేదు. ఉన్నా సార్ ఏం చెప్పేవారో నాకు తెలుసు, నువ్వే ఆలోచించుకో అనేవారు.

అమ్మ పొద కింది నుంచి బయటికి జరిగింది. "తీయకపోతే ఏమైతది?"

"దీనికి పేరు రాదు."

"రాకపోతే?"

"ఇట్లాంటిదొకటి ఉన్నదని ఎవలకు తెల్వదు. తెల్వకపోతే కాపాడేటోళ్లుండరు. వచ్చే ఏడు మేకలు తింటయి. ఆ పై ఏడు ఈ గుట్టను తవ్వి రాయి అమ్ముకుంటరు. అడిగెటోడు ఉండడు."

"పెద్దదానికి గింజలున్నయా?"

చూశాను. కింది కాడలకు నాలుగైదు కాయలు పండి ఉన్నాయి. "ఉన్నయి," అన్నాను.

"గింజలు గీడనే మట్టిల వెట్టు. పెద్దది తీయి. చిన్నయి రెండూ ఉండనీ." అని, ముళ్లకొమ్మ రెండు చేతులతో పైకి ఎత్తి పట్టుకుంది. "ఇగ తవ్వు. చేతులు నొస్తున్నయి."

గింజల్ని పొద కింద మట్టిలో పాతి, తవ్వడం మొదలుపెట్టాను. రాతినేల. వేరు నేను అనుకున్నదానికన్నా లోతుకు దిగింది. తొందరపడితే తెగుతుంది, ఈసారి తెగితే ఇంక లేదు. గోళ్లలో మట్టి, కళ్లలో చెమట. తలెత్తి చూస్తే అమ్మ మోచేతి నుంచి నెత్తురు కారుతోంది. వదిలేయమంటే వినలేదు. మొదటి ముడి కనబడింది, తర్వాత రెండోది, మూడోది. చివరి సన్నపోగు దాకా వేరు చేతిలోకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆ పోగు చివర గాలికి ఊగుతోంది. అనుకోకుండా అమ్మ వైపు చూశాను.

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుని, "నేను ముట్ట," అంది.

ఇద్దరం పడీపడీ నవ్వాం. ఆ నవ్వులో నాకు గుండెల మీద బరువంతా దిగిపోయింది. అలా అరిచినందుకు క్షమించమని అడగాలనుకున్నాను, అప్పటికే ఆమె కొంగు కొస చించి, తడిపి నా చేతికి ఇచ్చింది. మొక్కను అందులో చుట్టాం.

ఆ రోజు సద్దుల బతుకమ్మ. జీపు ఎక్కబోతూ అమ్మ ఆగింది. గల్లీ ఆడవాళ్లంతా ఈపాటికి మైదానంలో ఉంటారంది. మళ్లీ పొద దగ్గరికి నడిచింది. ఒక్క పువ్వు కూడా తెంపలేదు. ఆ ముళ్లపొద చుట్టూ, లోపలున్న రెండు చిన్న మొక్కల చుట్టూ చప్పట్లు కొడుతూ తిరగడం మొదలుపెట్టింది. పాట సన్నగా ఎత్తుకుంది. నేనూ వెళ్లి వెనక నిలబడి చప్పట్లు కలిపాను. రాణాభాయ్ జీపు ఇంజను ఆపేశాడు.

దీపావళికి ముందే అన్నీ పూర్తిచేశాం. మొక్క అట్ట మీదికి ఎక్కింది, వేరు ముడులన్నీ కనబడేలా. కొలతలు తీశాను, బొమ్మ గీశాను, దాని దాయాదులతో ఒక్కో లక్షణమూ పోల్చి రాశాను. పేరేం పెడతావని సార్ అడిగారు. లాటిన్‌లో "ముడులు గలది" అనే అర్థం వచ్చే మాట పెట్టాను. సాంచెల ఇంట్లో పుట్టినదానికి ముడి కన్నా దగ్గరి మాట తట్టలేదు. అంతా పత్రికకు పంపేశాం. జోధ్‌పుర్ పెద్దలు, ఇంకెక్కడి వాళ్లో ఇద్దరు, దాన్ని చదివి ఔనో కాదో చెప్పాలి. నెలలు పట్టవచ్చని సార్ అన్నారు. చూసిన వాళ్లు మార్పులు అడుగుతారు, ఒక్కోటీ చేసి మళ్లీ పంపుతూ ఉండాలి, ఈ మధ్యలో పని వదిలితే అంతా మూలన పడుతుందని కూడా అన్నారు.

లాభ్ పాంచమ్ రానే వచ్చింది. బాపు తెల్లచొక్కా వేసుకుని స్కూటర్ తుడుస్తున్నాడు. నేను తల దువ్వుకుని గుమ్మంలో నిలబడ్డాను. ఒప్పుకున్న మాట ఒప్పుకున్నదే. మిల్లులో పొద్దంతా నిలబడి వచ్చాక ఇంక మొక్కలేమిటి, రాతలేమిటి? మా గల్లీలో మిల్లుకెళ్లిన వాళ్లందరి సంగతీ తెలిసిందే కదా.

"నడు బిడ్డా. గోపాల్ ఎదురుసూస్తడు," అన్నాడు బాపు. తుడిచిన అద్దాన్నే మళ్లీ తుడిచాడు.

అప్పుడు అమ్మ లోపలి నుంచి వచ్చింది. జరీ అంచు చీర కట్టుకుంది, చేతిలో టిఫిన్ డబ్బా. నన్ను పక్కకు జరిపి మెట్లు దిగింది.

"నువ్వేడికే?" అన్నాడు బాపు.

"మిల్లుకు. ఇంట్లకెంచి మనిషిని తెస్తనన్నవట గదా గోపాల్‌కు."

"బిడ్డ సంగతి చెప్పిన గని..."

"బిడ్డకు పనున్నది. ఇంక గాలే."

"పొద్దంత నిలవడాలె. నీతోని గాదు."

"గా గుట్ట మీద రెండు దినాలు ఎవలు నిలవడ్డరు? నువ్వా?"

బాపు నా వైపు చూశాడు. నేను నేల చూశాను. "మరి ఇంట్ల పని? చీరలు?" అన్నాడు చివరికి.

"చీరలు దీపావళి ముంగటనే వాపస్ ఇచ్చేసిన. ఇంట్ల పనికి నువ్వున్నవు, అదున్నది. సగం దినాలు ఖాళీగనే ఉంటున్నవు గదా." అని స్కూటర్ మీద పక్కకు తిరిగి కూర్చుంది. డబ్బా ఒళ్లో పెట్టుకుంది. "ఇగ నడువు, యాళ్లైతుంది. రుచీ, పొయ్యి మీద పప్పున్నది. బంద్ జెయ్."

బాపు కిక్ కొట్టాడు. స్కూటర్ గల్లీ మలుపు తిరిగేదాకా చూశాను. ఆ ఏడు లాభ్ పాంచమ్ నాడు మా ఇంటి నుంచి మిల్లుకు పోయింది నేను కాదు. లోపలికి వెళ్లి పప్పు దించాను. దించి, సార్ ఇచ్చిన కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను.

మార్పులు అడిగారు. చేసి పంపాను. మళ్లీ అడిగారు, మళ్లీ పంపాను. హోలీ ముందర ఒకరోజు మధ్యాహ్నం ఒప్పుకున్నామని కబురొచ్చింది. ఫోన్‌లో చెప్పబుద్ధి కాలేదు. బస్సెక్కి పాండేసరా వెళ్లి మిల్లు గేటు దగ్గర నిలబడ్డాను. షిఫ్టు విడిచేసరికి జనం ఒక్కసారిగా బయటికి వచ్చారు. అమ్మ పక్కన ఉన్నామెతో హిందీలో ఏదో వాదిస్తూ వస్తోంది, జుట్టంతా నూగు. నన్ను చూసి హడలిపోయింది.

"ఏమైందే? బాపు మంచిగున్నడా?"

"మంచిగున్నడు. అమ్మా, ఒప్పుకున్నరు. పాసైంది."

అమ్మ నిలబడిపోయింది. కళ్లల్లో నీళ్లు వచ్చాయి, మొదటిసారి చూశాను నేను. కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టుకున్న నూగు దులుపుకుని, నా భుజం మీద గట్టిగా ఒక్కటి చరిచింది.

"మంచిది. ఇగ రేపటిసంది ఇంకోటి దేవులాడు," అంది.